పన్నెండు మెరుపులు, పదకొండు సందులు

సంక్రాంతి సెలవులకి పాయకరావుపేట వెళ్లినప్పుడు అమ్మమ్మ వాళ్ల డాబా మీద చాప వేసుకుని, మావయ్య బైనాక్యులర్స్‌తో పిల్లలకోడిని చూస్తున్నా. కృత్తికల్ని మా అమ్మమ్మ అలాగే అంటుంది. ఉత్త కంటికి ఆరో ఏడో కనిపించే ఆ చుక్కలు బైనాక్యులర్స్‌లో డజన్ల కొద్దీ అయిపోతాయి. రాత్రి ఏడు దాటింది. ఉన్నట్టుండి ఆ గుంపు పక్కన ఒక కొత్త చుక్క ఛక్కున వెలిగి ఆరిపోయింది. కొన్ని సెకన్లు ఆగి, ఇంకొంచెం ఉత్తరంగా మళ్లీ వెలిగింది. మళ్లీ ఆరింది.

"విమానమేలే, వైజాగ్ పోతుంటుంది" అంది అమ్మమ్మ, బట్టలు తీసుకెళ్లడానికి పైకొచ్చి. నేనూ ఒక్క క్షణం అదే అనుకున్నా. కానీ విమానానికి ఎర్ర దీపం, పచ్చ దీపం ఉంటాయి. తెల్ల లైటు సుమారు సెకనుకోసారి కొడుతుంది. కాసేపటికి చప్పుడు కూడా వినిపిస్తుంది. దీనికి అవేవీ లేవు. పైగా బైనాక్యులర్స్‌తో వెంటాడితే రెండు మెరుపుల మధ్య కూడా అది పూర్తిగా మాయం కావట్లేదు. చాలా సన్నటి చుక్కలాగా జరుగుతూనే ఉంది. కంటికి కనిపించనంత మసగ్గా పోతూ, టైముకి ఒకసారి భగ్గుమంటోంది. చివరికి ఆకాశం మధ్యలోనే, మబ్బు లేదు ఏం లేదు, కరిగిపోయినట్టు పోయింది.

ఇంటర్నెట్‌లో వెతికితే తేలింది, అది ఎప్పుడో సోవియట్ కాలంలో ఒక ఉపగ్రహాన్ని కక్ష్యలో వదిలి, తను కూడా అక్కడే ఉండిపోయిన రాకెట్ చివరి భాగం. దానికి లైటు లేదు, బ్యాటరీ లేదు, దానితో మాట్లాడేవాళ్లెవరూ లేరు. అయినా మెరుస్తోంది.

అందులో వింతేమీ లేదు. ఒక స్టీలు గ్లాసుకి దారం కట్టి, ఎండలో గిరగిరా తిప్పి చూడండి. గ్లాసు మీద ఎండ ఎప్పుడూ పడుతూనే ఉంటుంది, కానీ మీ కంట్లోకి ఆ వెలుగు సూటిగా కొట్టేది దాని గోడ ఒక ప్రత్యేకమైన కోణానికి వచ్చినప్పుడు మాత్రమే. రాకెట్ స్టేజి అంటే ఒక పెద్ద లోహపు పీపా. అది పల్టీలు కొడుతుంటే దాని పక్కభాగం సూర్యుడికీ మనకీ మధ్య సరైన కోణంలోకి వచ్చిన ప్రతిసారీ ఒక మెరుపు. ఖగోళశాస్త్రం వాళ్ల లెక్కలో 5 మాగ్నిట్యూడ్‌ల తేడా అంటే కాంతి సరిగ్గా 100 రెట్లు. ఏడో మాగ్నిట్యూడ్‌లో ఉండి కంటికి ఆననిది, ఆ ఒక్క క్షణం రెండో మాగ్నిట్యూడ్‌కి వస్తే ధ్రువనక్షత్రమంత వెలుగుతుంది. బైనాక్యులర్స్ అవసరం ఇక్కడే. కంటితో మెరుపులు మాత్రమే దొరుకుతాయి. మెరుపుకీ మెరుపుకీ మధ్య వస్తువు ఎటు పోతోందో బైనాక్యులర్స్ చూపిస్తాయి.

మరి పల్టీలు ఎందుకు కొడుతుంది? ఉపగ్రహాన్ని వదిలేటప్పుడు తగిలిన చిన్న తోపు, ట్యాంకుల్లో మిగిలిన ఇంధనం ఎక్కడినుంచో కారడం, ఇలాంటివి చాలు. గాలి లేదు కాబట్టి ఆపేదీ లేదు. నాకు బాగా నచ్చిన సంగతి మాత్రం ఇంకొకటి ఉంది. పొడవాటి వస్తువుని అంతరిక్షంలో బాణంలాగా దాని పొడుగు అక్షం చుట్టూ తిప్పి వదిలినా సరే, అది చివరికి అడ్డంగా పల్టీలు కొట్టడానికే వస్తుంది. ఈ పాఠం అమెరికా వాళ్లకి తమ మొదటి ఉపగ్రహంతోనే తగిలింది. 1958 జనవరి 31న వదిలిన ఎక్స్‌ప్లోరర్-1 సుమారు 2 మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న పెన్సిల్ లాంటిది. పొడుగు అక్షం చుట్టూ తిప్పుతూ వదిలారు. కొద్ది గంటల్లోనే అది కర్ర విసిరినట్టు తలకిందులుగా తిరగడం మొదలెట్టింది. దాని నడుముకి వేలాడుతున్న నాలుగు తీగ యాంటెన్నాలు ఊగుతూ ఉంటే, ఆ ఊగుడులో శక్తి వేడిగా పోతూ వచ్చింది. యాంగ్యులర్ మొమెంటం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఉన్న మొమెంటంతో అతి తక్కువ శక్తికి తిరగాలంటే పొడవాటి వస్తువుకి ఉన్న దారి ఒక్కటే, అడ్డంగా తిరగడం. ఫస్టియర్ ఫిజిక్స్‌లో ఆ రెండు ఫార్ములాలూ బట్టీ పట్టాను, పరీక్ష రాశాను, మార్కులూ వచ్చాయి. వాటి అర్థం మాత్రం డాబా మీద తెలిసింది.

రాకెట్ ముక్కల్ని చూడటం కొత్త అలవాటేం కాదు, అంతరిక్షయుగం మొదలైంది దానితోనే. 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్ ఎగిరాక జనం ఊరూరా మేడలెక్కి చూశారు కదా, వాళ్లలో ఎక్కువమంది చూసింది స్పుత్నిక్‌ని కాదు. అది 58 సెంటీమీటర్ల బంతి, కంటికి దొరకడం చాలా కష్టం. వాళ్లకి కనిపించింది దాని వెనకే కక్ష్యలోకి వచ్చిన పెద్ద రాకెట్ భాగం. కేటలాగ్‌లో కూడా మొదటి నంబరు ఆ రాకెట్‌దే, స్పుత్నిక్‌ది రెండు. అన్నట్టు ఆ కేటలాగ్ నంబర్లకి ఐదంకెల చోటే ఇచ్చారు అప్పట్లో. పంచ్‌కార్డుల కాలం నాటి ఫార్మాట్ అది, ఒక్కో వరుసకి 69 అక్షరాలు. ఇప్పుడు వస్తువులు ఐదంకెలు దాటిపోయే పరిస్థితి వచ్చింది. వైటూకే గురించి మనకి క్లాసులో కథలాగా చెప్పారు, దాని తమ్ముడు మన ముందే ఉన్నాడు.

ఇక ఎలా చూడాలి అన్నది. మొదటి విషయం టైము. ఉపగ్రహం కనిపించాలంటే మనకి చీకటి పడాలి, దానికి ఇంకా ఎండ ఉండాలి. 800 కిలోమీటర్ల ఎత్తులో నడినెత్తిన పోయే వస్తువు మీద, సూర్యుడు మన దిగంతం కింద సుమారు 27 డిగ్రీలు దిగేదాకా ఎండ పడుతుంది. మన దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు కాబట్టి అది అస్తమయం తర్వాత రెండు గంటల లోపే. ఆకాశం సరిగ్గా నల్లబడటానికి ముప్పావుగంట పైనే పడుతుంది. అంటే మిగిలేది సుమారు గంట. యూరప్‌లో ఉత్తరాన ఉండేవాళ్లకి జూన్‌లో రాత్రంతా ఉపగ్రహాలు కనిపిస్తాయి, సూర్యుడు దిగంతం కింద లోతుకి పోడు కాబట్టి. మనకి సాయంత్రం ఒక గంట, మళ్లీ తెల్లవారుజామున ఒక గంట. ఆకాశం మధ్యలో ఆ చుక్క కరిగిపోయిందని చెప్పాను కదా, అది భూమి నీడలోకి వెళ్లిపోయిన క్షణం. మన దేశపు టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ తుని, పాయకరావుపేటలకి దాదాపు ఆనుకునే పోతుంది. అందుకని గడియారంలో టైముకీ మా ఊళ్లో ఎండ టైముకీ పెద్ద తేడా ఉండదు. దీనివల్ల మెరుపులు చూడటానికి లాభమేమీ లేదు, గర్వంగా ఉంటుందని చెబుతున్నా.

చోటు విషయానికొస్తే, హైవే దీపాలు తగలని ఏ డాబా అయినా చాలు. పెంటకోట బీచ్ ఇంకా నల్లగా ఉంటుంది, కానీ సముద్రం మీద తేమ లెన్సుల మీద మంచులాగా పడుతుంది, పది నిమిషాలకోసారి తుడుచుకోవాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. భోగి రోజు మాత్రం వద్దు, పొగలో చందమామ కూడా సరిగ్గా కనిపించడు. మావయ్య నేవీలో పనిచేసి రిటైరయ్యాడు, ఆయనవి 7×50 బైనాక్యులర్స్, అంటే ఏడు రెట్లు పెంచుతాయి, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు. ఇంతకంటే పెద్దవి కొంటే చేతులు వణుకుతాయి. సూర్యుడు పూర్తిగా అస్తమించాకే బయటికి తీయండి, ఇందులో మాత్రం సాహసాలు వద్దు.

ఏది ఎప్పుడు వస్తుందో హెవెన్స్-అబౌవ్ సైట్‌లో మీ ఊరు పెడితే చెప్పేస్తుంది. నాలాగా కోడ్ రాసుకునే దురద ఉంటే సెలెస్ట్రాక్ నుంచి కక్ష్యల డేటా తెచ్చుకుని పైథాన్‌లో స్కైఫీల్డ్ లైబ్రరీకి ఇస్తే ఇరవై లైన్లలో పని అయిపోతుంది. వాటిలో 'ఆర్/బి' అని ఉన్నవన్నీ రాకెట్ భాగాలే. అన్నీ మెరవవు. చాలావరకు నిలకడగానే పోతాయి, వెయ్యాల్సిన వల వేసి ఓపిగ్గా కూర్చోవాలి. నడినెత్తిన 800 కిలోమీటర్ల ఎత్తులో పోయేది సెకనుకి సుమారు అర డిగ్రీ కదులుతుంది. బైనాక్యులర్స్ కదలకుండా పట్టుకుంటే పన్నెండు, పదమూడు సెకన్లలో అద్దం దాటిపోతుంది. అందుకని పడుకుని, మోచేతులు ఛాతీకి ఆనించి, నడుము నుంచి తిరుగుతూ దాన్ని వెంబడించాలి. మొదటి మూడు రోజులు నాకు కుదరలేదు.

కొలవడానికి స్టాప్‌వాచ్ కంటే ఫోన్లో వాయిస్ రికార్డర్ మేలు. మెరిసినప్పుడల్లా "టప్" అనండి చాలు. కళ్లు బైనాక్యులర్స్ నుంచి తీయక్కర్లేదు. తర్వాత ఆడాసిటీలో ఆ ఫైల్ తెరిస్తే ఒక్కో "టప్" ఒక్కో ముల్లులాగా కనిపిస్తుంది, మధ్య దూరాలు కొలుచుకోవచ్చు. మెరుపు చూసి నోరు తెరవడానికి ఐదో వంతు సెకను ఆలస్యమవుతుంది. కానీ ఆ ఆలస్యం మొదటి మెరుపుకీ ఆఖరి మెరుపుకీ దాదాపు ఒకటే కాబట్టి కొట్టుకుపోతుంది. మిగిలిన కాస్త తేడా కూడా ఎన్ని ఎక్కువ మెరుపులు లెక్కపెడితే అన్ని ముక్కలుగా పంచుకుని చిన్నదైపోతుంది.

ఇప్పుడు నా ఘనకార్యం. మొదటి సాయంత్రం 12 మెరుపులు, మొత్తం 66 సెకన్లు. 66ని 12తో భాగించాను, 5.5 సెకన్లు. మర్నాడు అదే వస్తువు కొబ్బరిచెట్ల వెనక పోవడంతో 7 మెరుపులే దొరికాయి, 36 సెకన్లలో. 36ని 7తో భాగిస్తే 5.14. ఒక్క రోజులో అరె, వేగం పెరిగింది! చచ్చిపోయిన రాకెట్ తనంతట తను స్పీడ్ అందుకుంటోంది! ట్యాంకులోంచి ఏదో కారుతోందని, త్వరలో పేలినా పేలుతుందని క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెద్ద పేరా రాశాను. గ్రాఫ్ కూడా పెట్టాను, రెండు బిందువులతో. నలభై మంది నిప్పు ఎమోజీలు పెట్టారు. ఒక్కరూ లెక్క చూడలేదు.

రాత్రి అన్నాల దగ్గర తాతయ్యకి చెప్పాను. ఆయన చదువు ఐదో తరగతి. మజ్జిగ పోసుకుంటూ విని, "పన్నెండు రాటలు పాతితే మధ్యన సందులెన్నే?" అన్నారు.

పన్నెండు అనబోయి ఆగిపోయాను.

పదకొండు. 66ని 11తో భాగిస్తే 6.0. రెండో రోజు 7 మెరుపులకి సందులు ఆరు, 36ని 6తో భాగిస్తే 6.0. వేగం పెరగలేదు, ఏమీ కారడం లేదు, ఏమీ పేలబోవడం లేదు. తక్కువ మెరుపులు దొరికిన రోజు నా తప్పు పెద్దదిగా కనిపించింది, అంతే. మనం దీన్ని ఆఫ్-బై-వన్ అంటాం, లూపుల్లో రోజూ చేస్తాం, కంపైలర్ ఏమీ అనదు. పందిళ్లు వేసిన మనిషికి మాత్రం వినగానే దొరికిపోయింది. అప్పటి నుంచి మొదటి మెరుపుకి "సున్నా" అంటున్నాను, రెండోదానికి "ఒకటి". గ్రూపులో దిద్దుబాటు కూడా పెట్టాను. దానికి మూడు ఎమోజీలు వచ్చాయి.

ఆరు సెకన్లు అని తేలాక కూడా ఇంకో చిక్కు మిగిలే ఉంది. పీపాకి రెండు పక్కలుంటాయి. ఒక పూర్తి పల్టీలో ఈ పక్క ఒకసారి, ఆ పక్క ఒకసారి ఎండ కొడుతుంది. అంటే మెరుపుల మధ్య ఆరు సెకన్లయితే పల్టీకి పన్నెండు సెకన్లు కావచ్చు. తుని పక్క ఊరి మనుషులం కదా అని తుని తగవులాగా సగానికి సగం కోసేద్దామంటే కుదరదు, ఒక పక్క రంగు మాసిపోయి మెరవకపోతే ఆరు సెకన్లే అసలు పల్టీ. మెరుపులు ఒకటి గట్టిగా, ఒకటి నీరసంగా మార్చి మార్చి వస్తుంటే రెండు పక్కలూ మెరుస్తున్నాయని తెలుస్తుంది. నా దానికి అన్నీ ఒకేలా ఉన్నాయి. అందుకే చేయి తిరిగినవాళ్లు తిరుగుడు వేగం అని రాయరు, మెరుపుల మధ్య కాలం అని మాత్రమే రాస్తారు. బెల్జియం ఔత్సాహికులు కొందరు ఇలా కంటితో, స్టాప్‌వాచ్‌తో తీసిన కొలతల్ని ప్రపంచం నలుమూలల నుంచి ఏళ్ల తరబడి పోగేసి ఒక డేటాబేస్‌గా దాచారు.

ఎందుకంత శ్రమ అని మా రూమ్మేట్ అడిగింది. పనిచేసే ఉపగ్రహం తను ఎటు తిరిగిందో తనే రేడియోలో చెబుతుంది. చచ్చినది చెప్పదు. ఇంకెవరో బయటినుంచి చూసి చెప్పాల్సిందే. యూరప్ వాళ్ల ఎన్విశాట్‌నే తీసుకోండి, 2002 మార్చి 1న ఎగిరింది, 8 టన్నుల బరువు. 2012 ఏప్రిల్ 8న ఉన్నట్టుండి మూగబోయింది. ఆ తర్వాత అది తిరగడం మొదలెట్టిందన్న సంగతి కింద నుంచి లేజర్లు, రాడార్లు, టెలిస్కోపులతో చూసి పట్టుకున్నారు. అలా మూగబోయిన వాటిని ఎప్పటికైనా వెళ్లి పట్టుకుని కిందకి దించాలంటే మొదట తెలియాల్సింది అవి ఎంత వేగంగా తిరుగుతున్నాయన్నదే. తిరిగే ఫ్యాన్ రెక్కని చేత్తో పట్టుకోలేం కదా. జపాన్ కంపెనీ ఆస్ట్రోస్కేల్ 2024 ఫిబ్రవరిలో పంపిన ఏడీఆర్ఏఎస్-జె 2009 నాటి ఒక హెచ్-2ఏ రాకెట్ భాగం దగ్గరికి వెళ్లి, అదే ఏడాది నవంబర్‌లో 15 మీటర్ల దాకా చేరింది. అదృష్టం, అది పెద్దగా పల్టీలు కొట్టడం లేదు.

తిరుగుడు ఎప్పటికీ అలాగే ఉండదు కూడా. పాత కరెంటు మీటర్లో అల్యూమినియం చక్రం తిరిగేది గుర్తుందా? దానికి పక్కనే ఒక అయస్కాంతం ఉంటుంది, ముట్టుకోకుండానే చక్రాన్ని అదుపులో పెడుతుంది. కక్ష్యలోని లోహపు పీపాకి భూమే ఆ అయస్కాంతం. లోపల పుట్టే ఎడ్డీ కరెంట్లు దాన్ని మెల్లమెల్లగా నెమ్మదింపజేస్తాయి. ఏళ్ల తరబడి కొలిస్తే మెరుపుల మధ్య కాలం పెరుగుతూ పోవడం కనిపిస్తుంది. అలా పెరగాల్సినది నిజంగానే తగ్గితే మాత్రం ఏదో కారుతోందనో, ఏదో తగిలిందనో అనుమానించాలి. నేను ఊహించుకున్న ప్రమాదం ఊరికే పుట్టింది కాదన్నమాట, లెక్క మాత్రమే తప్పు.

నిజంగా పేలినది మన శ్రీహరికోట నుంచి వెళ్లినదే ఒకటుంది. 2001 అక్టోబర్ 22న టీఈఎస్ ఉపగ్రహాన్ని మోసుకెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ3 నాలుగో దశ, పని పూర్తయ్యాక మిగిలిన ఇంధనంతో అక్కడే తిరుగుతూ డిసెంబర్ 19న పేలిపోయింది. మూడు వందలకు పైగా ముక్కలు కేటలాగ్‌కి ఎక్కాయి. తర్వాత ఇస్రో మిగిలిన ఇంధనాన్ని బయటికి వదిలేసే పద్ధతి పెట్టింది. ఇప్పుడైతే ఆ నాలుగో దశనే పోయెమ్ అనే పేరుతో ప్రయోగాల బల్లలాగా వాడుతున్నారు. 2024 జనవరి 1న ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 నాలుగో దశని 350 కిలోమీటర్ల ఎత్తుకి దించి, ఇంధనం ఖాళీ చేసి, పని చేయించుకున్నారు. మార్చి 21న అది గాలిలోకి దిగి కాలిపోయింది. మన లిటరరీ క్లబ్ మేగజైన్‌లో చెప్పాల్సిన సంగతే, ఆ పేరుకి ఇంగ్లిష్‌లో కవిత అని అర్థం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రాకెట్ ముక్కలతో కాకుండా అజిసాయ్‌తో మొదలెడితే సుఖం. జపాన్ 1986 ఆగస్టులో పంపింది. 2 మీటర్ల పైచిలుకు బంతి, ఒంటి నిండా 318 అద్దాలు. ఇది తెలియక మెరిసేది కాదు, మెరవడానికే చేసినది. కొలత కోసం తళుక్కుమనేలా అద్దాలు అమర్చి, నిమిషానికి 40 సార్లు తిప్పి వదిలారు. చుట్టుకి మూడు మెరుపులు, అంటే మొదట్లో సెకనుకి రెండు. ఇప్పుడు నెమ్మదించింది. సుమారు 1,500 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి సూర్యాస్తమయం తర్వాత రెండున్నర గంటల దాకా నడినెత్తిన కూడా ఎండలోనే ఉంటుంది. మెరుపులు సూదిమొనల్లా ఉంటాయి, "టప్" అనడానికి నోరు తిరగదు, ఆనందం మాత్రం గ్యారంటీ. ఇంకా పైన, 36 వేల కిలోమీటర్ల దగ్గర టీవీ ఉపగ్రహాల వరుసలో కూడా చచ్చిపోయి తిరుగుతున్నవి ఉన్నాయి. మన అక్షాంశానికి అవి మార్చి రెండో వారం, అక్టోబర్ మొదటి వారం చుట్టుపక్కల బాగా మెరిసే అవకాశం ఉంది. ఒకటి మిడ్ పరీక్షలు, ఇంకోటి వానలు. నేనింకా చూడలేదు.

నా ఆరు సెకన్ల రాకెట్ ముక్క మాత్రం ల్యాప్‌టాప్‌లో ఒక ఆడియో ఫైల్‌గా ఉంది. మళ్లీ సంక్రాంతికి కొలిచి పక్కన పెట్టాలి, ఆరు కాస్తా ఆరుంబావు అయిందేమో చూడాలి. ఆడాసిటీలో ఆ ఫైల్ తెరిస్తే ముళ్లన్నీ సమానమైన దూరంలో ఉంటాయి, ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య మాత్రం ఒక పెద్ద గుబురు అడ్డొస్తుంది. అది అమ్మమ్మ. "దోమలు కుట్టేస్తన్నాయి, కిందకి రావే!"